కొసరులో పోయిన ఎద్దు

పిసాక్ కొండమీది పాతకాలపు ఇన్కా రాజుల కోట శిథిలాలు చూడవచ్చేవాళ్ళకు నికొలాసా ఇచ్చే సలహాలు రెండు రకాలు. అడిగితే చెప్పేవి కొన్ని, అడక్కపోయినా చెప్పేవి బోలెడు. పై గేటు ముందు, రోడ్డువార, దుప్పటి పరిచి తను నేసిన శాలువలు, సంచులు, నడికట్లు దానిమీద పేర్చుకుని కూర్చుంటుంది. కారు ఆగిందంటే ముందు ఆమె నోరు లేస్తుంది, తర్వాత ఆమె లేస్తుంది.

"కారులో పైకి రావాలి, కాళ్ళతో కిందికి పోవాలి. అదీ పద్ధతి. కిందినుంచి ఎక్కొచ్చేవాడు మొండోడన్నా అయ్యుండాలి, అప్పులోళ్ళకు దొరక్కుండా పారిపోయొచ్చినోడన్నా అయ్యుండాలి. నడిచేటప్పుడు రాళ్ళు చూడొద్దు, రాళ్ళు చూసేటప్పుడు నడవొద్దు. శాలువ కొనేముందు తిరగేసి చూడండి. చేత్తో నేసిందైతే వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంటుంది. చెంపకు ఆనించుకోండి, అసలైన అల్పాకా ఊలైతే ముందు చల్లగా తగులుతుంది. ఆ పక్క దుప్పటిమీదివి మాత్రం చెంపదాకా తీసుకుపోకండి తల్లీ. దద్దుర్లొస్తే ఈ కొండమీద మందు దొరకదు."

ఆ పక్క దుప్పటి బ్రిహిదాది. ఒకరి బిడ్డకు ఒకరు జ్ఞానస్నానపు తల్లులై వరస కలుపుకున్నారు కాబట్టి ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఆ పిలుపులో ఎంత తీపి ఉంటుందో అంత కారమూ ఉంటుంది.

గేటు దాటి కొంచెం నడిస్తే పాత గోడలో ఒక గూడు ఉంది. దాంట్లో ఏముండేదో చదువుకున్నవాళ్ళు కూడా గట్టిగా చెప్పరు. నికొలాసాకు ఆ ఇబ్బంది లేదు. కొత్తగా పెళ్ళయిన జంట వస్తే అందులో రాణిగారు అద్దం పెట్టుకునేవారు. స్కూలు పిల్లలొస్తే అల్లరి పిల్లల్ని అందులో కూర్చోబెట్టేవారు. తాగి వచ్చినవాళ్ళకు రాజుగారి కల్లుకుండ కనిపించేది. ఒకసారి కాపలా ఆయన ఉండబట్టలేక, "నికొలాసమ్మా, ఆ గూటికి ఇంకెన్ని కథలు కడతావు?" అని అడిగాడు.

"ఖాళీగా ఉంది కదయ్యా పాపం, ఏదో ఒకటి పెట్టాలి" అంది ఆవిడ.

ఇంత అబద్ధాలకోరుకు ఒక్క విషయంలో మాత్రం మహా పట్టింపు. అది కొసరు. మా లోయలో బేరం తెగాక కొసరు అడగడం కొన్నవాళ్ళ హక్కు, ఇవ్వడం అమ్మినవాళ్ళ మర్యాద. బంగాళాదుంపలు కొంటే గుప్పెడు దుంపలు, శాలువ కొంటే చిటికెన వేలంత బొమ్మ. ఇచ్చేటప్పుడు చూసి ఏరకూడదు, చేతికి ఏది వస్తే అదివ్వాలి. ఒకసారి ఇచ్చిన కొసరును వెనక్కిమ్మని నోరు తెరిచి అడిగావో, ఆ నోటికి ఇక బోణీ ఉండదు. అలా అడిగి తెచ్చుకున్న వస్తువు ఇంట్లో పెడితే ఇల్లు నిలవదు, కప్పుమీద పెడితే కప్పు కారుతుంది. కిందటేడు బ్రిహిదా పొరపాటున ఒక మంచి నడికట్టు కొసరు కింద ఇచ్చేసి, పరుగెత్తి వెళ్ళి వెనక్కి తెచ్చుకుంది. నికొలాసా దాన్ని ఊళ్ళో కల్లు దుకాణంలో అందరిముందూ పాటలాగా చెప్పింది. జనం కడుపు పట్టుకుని నవ్వారు. బ్రిహిదా కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు దాచి పెట్టుకుంది.

ఆ నవ్వు బయటికి తీసే రోజు వచ్చింది.

మర్నాడు నికొలాసా కూతురు నేలిదా ఇంటికి కప్పు వేస్తారు. అత్తారింటి వెనకగదిలో, కోళ్ళగూడు పక్కన ఏళ్ళతరబడి కాపురం చేసిన పిల్ల. మొగుడూ పెళ్ళామూ కలిసి మట్టి తొక్కి, ఇటుకలు పోసుకుని, ఇన్నాళ్ళకు నాలుగు గోడలు లేపారు. కప్పు పూర్తయ్యాక దాని నడినెత్తిన మట్టి ఎద్దుల జత పెట్టాలి, చూపుకు రెండూ ఎద్దులే అయినా లెక్కకు ఒకటి మగది, ఒకటి ఆడది. అప్పుడే అది ఇల్లు. కొత్త ఎద్దులు బజారులో కొల్లలుగా దొరుకుతాయి. కానీ నికొలాసా దగ్గర తన తల్లి కప్పుమీది జత ఉంది. ఒక వానాకాలం ఆ పాత ఇల్లు కుప్పకూలింది. పెంకులు పిండైపోయాయి. ఎద్దులు రెండూ మాత్రం బురదలో నిలబడి చూస్తున్నాయి, ఒకదానికి కొమ్ము విరిగిందంతే. తల్లి పోయాక నికొలాసాకు మిగిలినవి అవే. నేలిదా చిన్నప్పుడు వాటితోనే మాట్లాడుకునేది.

విరిగిన కొమ్ము అతికించడానికి ఆ పొద్దున రెండింటినీ కొండమీదికి తెచ్చింది. గేటు అవతలి చివర కూర్చునే కుమ్మరి కొమ్ము విరిగినదాన్ని పట్టుకుపోయాడు. బాగున్నదాన్ని నికొలాసా పాత పేపరులో చుట్టి, మెత్తగా ఉంటుందని ఊలు తుక్కు ఉన్న బుట్టలో పెట్టింది. ఆ బుట్ట ఆమె కొసరు బుట్ట. అందులో ఉన్నవన్నీ పాత పేపరు పొట్లాలే.

పైగా ఆ రోజు ఆమె మనసు బుట్టమీద లేదు, టోపీమీద ఉంది. కూతురింటి పండగ కోసం కొత్తగా కుట్టుకున్న ఎర్ర టోపీ అది. పళ్ళెంలా వెడల్పుగా, చుట్టూ కుచ్చులతో ఉంటుంది. పండగ రేపైతే ఇవాళే ఎందుకు పెట్టుకొచ్చిందంటే, బ్రిహిదా చూసి కుళ్ళుకోవాలని. బ్రిహిదా కుళ్ళుకుంది కూడా. అంతలో లీమా నగరం నుంచి ఒకావిడ దిగింది. పేరు ఒఫేలియా. మందుల షాపు నడిపి నడిపి, ఈమధ్యే అమ్మేసి ఊళ్ళు చూడ్డానికి బయల్దేరిన మనిషి. తలమీద ప్లాస్టిక్ పొద్దుతిరుగుడు పువ్వున్న గడ్డిటోపీ, చేతిలో ఫోను. ఆ ఫోనులో ప్రయాణికులకు చిట్కాలు.

"చెప్పిన ధరలో సగానికి అడగమని రాశారిందులో" అంది ఒఫేలియా.

"రాసినోడు నేశాడా అమ్మా?" అంది నికొలాసా.

పేర్లు చెప్పుకున్నారు, బేరం సాగింది. ఒఫేలియా లేచి వెళ్ళిపోయింది, నికొలాసా పిలవలేదు, ఒఫేలియా తనంతట తనే తిరిగొచ్చింది. శాలువ తీసుకుంది. తర్వాత నికొలాసా తలకేసి చూసి, "ఆ టోపీ ఇస్తావా?" అని అడిగింది.

"తలతో సహా కావాలంటే ఇస్తా. టోపీ ఒక్కటే అమ్మేది కాదు" అని నికొలాసా బ్రిహిదా వైపు తిరిగి, "వింటున్నావా వదినా, లీమా దాకా పాకింది నా టోపీ పేరు!" అని గొంతు పెంచింది. ఆ గొంతు పెంచుతూనే అలవాటుగా చెయ్యి బుట్టలో పెట్టింది, చేతికొచ్చిన పొట్లం తీసి ఒఫేలియా సంచిలో పడేసింది. చూడకుండా ఇవ్వడమే కదా మర్యాద.

ఒఫేలియా గేటు దాటి శిథిలాల్లోకి పోయింది. కాసేపటికి కుమ్మరి కొమ్ము అతికించిన ఎద్దును తెచ్చి, "దీని జతేది?" అన్నాడు. నికొలాసా బుట్టలో చెయ్యి పెట్టింది. ఒక పొట్లం విప్పితే ఊలు బొమ్మ, ఇంకోటి విప్పితే చిన్న ఈల. బుట్ట బోర్లించింది. ఎద్దు లేదు.

బ్రిహిదా లేచి నిలబడింది. ఏడాదిగా దాచుకున్న నవ్వు మెల్లగా ముఖంమీదికి వచ్చింది.

"ఏం వదినా, కొసరు కాస్త బరువెక్కువైందా?"

నికొలాసా పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

"పరుగెత్తి అడుగు పో. నోరుందిగా నీకు, ఊరంత నోరు" అంది బ్రిహిదా. "నీ కొట్టు నేను చూస్తాలే. మిగతాది కల్లు దుకాణంలో మాట్లాడుకుందాం."

"నేనేం అడగడానికి పోవట్లేదు. పాపం ఆవిడ కొత్త మనిషి, దారి చూపించొస్తా."

"పుణ్యాత్మురాలివి వదినా."

నికొలాసా గొర్రెల అడ్డదారిన పడి, ఆయాసపడుతూ, ఆ గూడున్న గోడ దగ్గర ఒఫేలియాను పట్టుకుంది. ఎలాగైనా సరే ఆ ఎద్దు ఆవిడంతట ఆవిడే ఇచ్చేయాలి. తను అడక్కూడదు. అడిగితే నేలిదా ఇంటి కప్పు కారుతుంది. అడక్కపోతే రేపు కప్పుమీద ఒంటి ఎద్దు నిలబడుతుంది. నోరు మాత్రం ఎప్పటిలాగే లేచింది.

"ఈ గూడు చూశారా అమ్మగారూ? ఇన్కా రాజుగారి మందుల అల్మారా ఇది."

"నిజంగా!" అని ఒఫేలియా మురిసిపోయి దాన్ని నాలుగు వైపులా ఫొటో తీసుకుంది. "నీ కొసరు విప్పి చూశాను నికొలాసా. ఎంత ముచ్చటగా ఉందో ఆ ఎద్దు! మా ఇంట్లో మందుల అల్మారాపైన పెట్టుకుంటాను."

నికొలాసా ఆ సంచికేసి చెయ్యి చూపించింది. "బరువు కదమ్మా. ఈ కొండ దిగేటప్పుడు వెంట్రుక కూడా బరువే."

"ఇదెంత, పావుకిలో ఉండదు."

కొంతదూరం మెట్లు దిగారు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయలోకి అంచెలంచెలుగా జారే పాత పొలాలు. నికొలాసా ముఖం విచారంగా పెట్టింది. "చెప్పకూడదుగానీ, ఒంటి ఎద్దును ఇంట్లో పెట్టకూడదండీ. ఆ ఇంటి ఇల్లాలు విధవవుతుంది."

"మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఎద్దు కొత్తగా చేసేదేం లేదు" అంది ఒఫేలియా, చాలా నింపాదిగా.

దారిలో కొండను తొలిచిన సొరంగం ఒకటి వస్తుంది, దాని ముందు రాతి చీలిక ఉంది. దారిన పోయేవాళ్ళు అక్కడ నేలతల్లికి కోకా ఆకులు పెట్టి పోతారు. దాన్ని చూడగానే నికొలాసా బుర్రలో దీపం వెలిగింది. "ఇక్కడ ఏదన్నా ఇచ్చి పోవాలమ్మా. మనకు బాగా ఇష్టమైంది ఇస్తే మోకాళ్ళ నొప్పులు జన్మలో రావు" అంది. ఈవిడ పెట్టి పోతుంది, తను వెనకనుంచి తీసుకుంటుంది. అడిగిన పాపం లేదు.

"అయితే ఇదే ఇస్తాను" అని ఒఫేలియా ఎద్దును తీసి చీలిక దగ్గరికి వంగింది.

అప్పుడు తట్టింది నికొలాసాకు. కొసరు వెనక్కి అడిగితే బోణీ పోతుంది, కప్పు కారుతుంది, అంతే. నేలతల్లికి పెట్టింది తీస్తే మనిషే పోతాడు. ఆశకొద్దీ ఆ సంగతే మర్చిపోయింది.

"వద్దు! దాన్ని మాత్రం వద్దు!" అని కేక పెట్టింది. ఎదుటి కొండ కూడా "వద్దు" అంది.

ఒఫేలియా వంగిన మనిషి వంగినట్టే తల తిప్పి చూసింది. "ఎందుకొద్దు?"

జీవితంలో మొదటిసారి నికొలాసాకు కథ దొరకలేదు. "మట్టికి... మట్టే పెడతారా ఎవరన్నా" అని నసిగింది.

ఒఫేలియా ఏళ్ళతరబడి మందుల షాపులో బల్ల వెనక నిలబడిన మనిషి. తలనొప్పి బిళ్ళ అడిగి, అసలు జబ్బు చెప్పలేక అక్కడే తచ్చాడేవాళ్ళను ఎంతోమందిని చూసింది. ఎద్దును మళ్ళీ సంచిలో పెట్టుకుంది. నికొలాసా తన నడుముకున్న సంచిలోంచి చిరగని కోకా ఆకులు మూడు ఏరి ఆమె చేతిలో పెట్టి, నోటి దగ్గర పట్టుకుని కొండకేసి ఊది, మనసులో మాట చెప్పుకొమ్మంది. ఒఫేలియా వీపు తిప్పుకుని చాలాసేపు చెప్పుకుంది.

సొరంగం దాటి, సూర్యుణ్ణి కట్టేయడానికి పాతకాలంవాళ్ళు నిలబెట్టారని చెప్పే రాయి ఉన్న గుళ్ళ దగ్గర కూర్చున్నారు. కింద పల్లెల ఎర్ర కప్పులు కనిపిస్తున్నాయి.

"ఏ ఇంటిమీద చూసినా ఎద్దులు జంటగానే ఉన్నాయే" అంది ఒఫేలియా.

"జంటగానే ఉండాలి. రేపు మా నేలిదా ఇంటికి కప్పు వేస్తారు. మా అమ్మ కప్పుమీది ఎద్దులు..." అని నికొలాసా ఆగిపోయింది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు చూసి ఆమెకే కోపం వచ్చింది. "గాలికి కళ్ళు మండుతున్నాయి."

"అవును, గాలి ఎక్కువగా ఉంది" అంది ఒఫేలియా. గాలి ఏమీ లేదు. "ఒక మాట చెప్పు నికొలాసా. ఇచ్చిన కొసరు వెనక్కి అడగొచ్చా?"

"ఛీ! సిగ్గులేనివాళ్ళు అడుగుతారు."

"మరి కొన్నవాళ్ళు అడిగితే?"

"కొన్నవాళ్ళు అడిగితే ఇవ్వాల్సిందే. అది వాళ్ళ హక్కు."

"ఫలానాదే కావాలని?"

"అలా అడక్కూడదు. చేతికేది వస్తే అది."

"ఊఁ" అంది ఒఫేలియా. తర్వాత ఇద్దరూ ఊరి అంచుదాకా దిగారు. నికొలాసా నోరు అంతసేపు మూసి ఉండటం ఆ మెట్లకు కూడా కొత్త.

చివరి మెట్టుమీద ఒఫేలియా కూలబడి, తన గడ్డిటోపీ తీసి, దులిపి, దాని ప్లాస్టిక్ పువ్వు సర్ది, రోడ్డుమీద అమ్మేవాళ్ళలాగా చాచింది.

"రామ్మా, రా! లీమా టోపీ! తిరగేసి చూసుకో, చెంపకు ఆనించుకో. కొంటావా?"

నికొలాసాకు ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక నడుముకున్న సంచి తడుముకుంది.

"డబ్బు కొట్లో ఉండిపోయింది" అంది మెల్లగా.

"డబ్బెందుకు? మీ సంతల్లో వస్తువుకు వస్తువు ఇస్తారటగా, ఫోనులో రాశారు. టోపీకి టోపీ."

"ఇదా! ఇది కొత్తది! రేపటి పండగకని కుట్టుకున్నా! ఆ గడ్డిదానికా? నా నడికట్టు తీసుకో."

ఒఫేలియా లేచి, దులుపుకుని, సంచి భుజాన వేసుకుని నడక సాగించింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చిట్కాల్లో అలాగే ఉంది. సంచి ఊగుతూ పోతోంది, అందులో ఎద్దూ పోతోంది.

"ఓయమ్మా! ఆగు! ఇస్తా!" అని అరిచింది నికొలాసా. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళను వెనక్కి పిలవడం మామూలే. కొనే మనిషై ఉండి తను అమ్మే మనిషిని వెనక్కి పిలవాల్సి వచ్చినందుకు ఆమె పళ్ళు నూరుకుంది.

టోపీలు మారాయి. ఎర్ర కుచ్చుల టోపీ లీమా తలకెక్కింది, పొద్దుతిరుగుడు పువ్వు నికొలాసా నెత్తిన పూసింది. అప్పుడు నికొలాసా రెండు చేతులూ దోసిలి పట్టి, లోయంతా వినేలా అడిగింది.

"కొసరు తల్లీ!"

ఒఫేలియా మర్యాదగా ముఖం కొండకేసి తిప్పుకుని, చూడకుండా సంచిలో చెయ్యి పెట్టింది. చేతికొచ్చింది తలనొప్పి బిళ్ళల అట్ట. నికొలాసాకు ప్రాణం పోయినంత పనైంది.

"అయ్యో, దీనికి గడువు దాటిపోయింది, ఇవ్వకూడదు" అని ఒఫేలియా మళ్ళీ చెయ్యి పెట్టింది. ఈసారి పాత పేపరు పొట్లం వచ్చింది. ఇచ్చింది. కొసరు పొట్లం ఇచ్చినవాళ్ళ ముందు విప్పడం మర్యాద కాదు గనక నికొలాసా విప్పలేదు. వేళ్ళతో తడిమి కొమ్ములు రెండూ చూసుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చెరో దారిన పోయారు. చూసుకుని ఉంటే నవ్వేసేవాళ్ళు.

మర్నాడు నేలిదా ఇంటిదగ్గర కల్లు పొంగుతోంది, గినీ పందులు వేగుతున్నాయి. నికొలాసా గడ్డిటోపీ పెట్టుకునే వచ్చింది. పెట్టుకోకపోతే, "నీ ఎర్ర టోపీ ఏదే?" అని అందరూ అడుగుతారు. పెట్టుకుంటే అడగకుండానే నవ్వుతారు. అందరికంటే ముందు బ్రిహిదా నవ్వింది.

"వదినా, నెత్తిమీద తోటేశావు! నీళ్ళు పొయ్యాలా? ఇంతకీ ఎద్దును అడుక్కొచ్చావా?"

"టోపీ బేరంలో పోయింది" అంది నికొలాసా. "కొసరు అదిగో."

కప్పుమీద అల్లుడు ఎద్దులు రెండింటినీ పక్కపక్కన నిలబెడుతున్నాడు, అతికిన కొమ్ముదీ, బాగున్నదీ. కింద నేలిదా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది, చిన్నప్పుడు వాటితో మాట్లాడిన కళ్ళతోనే. బ్రిహిదా ఎద్దును చూసింది, టోపీని చూసింది, లెక్క అర్థమైంది. అడిగింది కాదు, కొన్నదానిమీద కొసరు. తప్పు పట్టడానికి వీల్లేదు. కప్పు కారదు.

ఎద్దు వీపుమీద చిన్న రంధ్రం ఉంటుంది. కప్పు దీవెనకు అందులో కల్లు పోస్తారు. అల్లుడు మొదటి ఎద్దులో పోశాడు. రెండోదాంట్లో పోస్తూ ఆగి, "అత్తా, ఇందులో ఏదో ఉంది" అన్నాడు.

కల్లు నిండి పైకొచ్చేసరికి దాంతోపాటు మూడు కోకా ఆకులు తేలాయి. చిరగనివి, నికొలాసా ఏరినవే. కొండకేసి ఊదిన ఆకుల్ని చీలికలో పెట్టకుండా ఎద్దు వీపులో వేసి, లీమా ఆవిడ ఏ కోరిక కోరుకుందో ఇప్పుడు తెలిసింది, ఎద్దు తన ఇంటికి చేరాలని. అంటే ఆవిడ ఆ చీలిక దగ్గరే అంతా కనిపెట్టేసింది. ఆ తర్వాత కొండ పొడుగునా తనని ఆడించింది.

నికొలాసా టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"చూశావా వదినా ఆ మందులావిడ తెలివి! నాకే, నా కొసరులోనే, కొసరేసింది!"

"అయితే బాకీ నీవైపే ఉందన్నమాట" అంది బ్రిహిదా, ఈసారి కారం లేకుండా. "ఏమిస్తావు?"

నికొలాసా కళ్ళు తుడుచుకుని, టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

"మళ్ళీ వస్తే ఆ గోడలో గూటి సంగతి నిజం చెప్పేస్తా. దాంట్లో ఏముండేదో నాకు తెలీదని."

బ్రిహిదా గుండెలమీద సిలువ గుర్తు వేసుకుంది. అంత పెద్ద కొసరు ఆ కొండమీద ఎవరైనా ఎవరికైనా ఇచ్చినట్టు ఆమె ఎన్నడూ వినలేదు.